తేడా చెట్టుదా, రాయిదా?

అమ్మాయీ,

నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. సున్నపురాయి కొండ నెత్తిన దొరికిన చెట్టు జాతిని గుర్తుపట్టే పట్టికల్లో (కీల్లో) దేనికీ లొంగడం లేదనీ, కొత్త జాతిగా వర్ణించాలని ఉందనీ రాశావు. కొత్తదే కావచ్చు. పేరు వెతుక్కునే ముందు మాత్రం ఒక్క ప్రశ్న తేల్చుకో. నీ కంటపడిన తేడా చెట్టుదా, రాయిదా?

సున్నపురాయి మీద మట్టి పలచన. వాన నీళ్లు పగుళ్లలోంచి ఇట్టే దిగిపోతాయి. అందుకే వానలు దండిగా పడే చోట కూడా శిఖరం మీది చెట్టు దాహంతోనే బతుకుతుంది. మట్టికి క్షారగుణం ఎక్కువ కావడంతో ఇనుము, భాస్వరం ఉన్నా వేళ్లకు సరిగా అందవు. లోయలో ఇరవై మీటర్లు పెరిగే చెట్టే పైన నాలుగు మీటర్ల దగ్గర గిడసబారిపోతుంది. ఆకు చిన్నదై, దళసరై, అంచులు కిందికి ముడుచుకుంటాయి. కణుపులు దగ్గరపడతాయి. ఒక్క కొమ్మ కోసుకొచ్చి, ఎండు నమూనా అతికించే షీటు మీద పరిస్తే వేరే జాతి అని ప్రమాణం చేయబుద్ధేస్తుంది.

కాబట్టి కొండ అడుగున, వాలు మీద, శిఖరం మీద మూడు చోట్లా దాని బంధువులను వెతుకు. కింది నుంచి పైకి ఆకు కొంచెం కొంచెంగా మారుతూ వస్తే అది రాయి చేసిన పని. రెండు రకాలూ ఒకే నేలలో పక్కపక్కనే పెరుగుతూ కూడా ఎక్కడా కలవకుండా ఉంటే అది చెట్టు గుణం. ఆకు పొడవు వెడల్పులను ఆఖరున నమ్ము. నూగు ఒంటి వెంట్రుకలా ఉందా, నక్షత్రంలా చీలిందా; ఆకు కాడ మొదట్లోని కణుపు పుచ్ఛాలు ఎలా ఉన్నాయి, రాలితే మచ్చ ఏ తీరులో మిగిలింది; అండాశయంలో గదులెన్ని, గదికి అండాలెన్ని. ఇవి నేల మారినా అంత సులువుగా మారవు.

వయసు కూడా కళ్లకు గంతలు కడుతుంది. వియత్నాం ఉత్తరాన హాజాంగ్ సున్నపురాయి శిఖరాల మీద 1999లో బయటపడి, 2002లో క్సాంథోసైపారిస్ వియత్నామెన్సిస్‌గా పేరు పొందిన సైప్రస్ కుటుంబపు చెట్టు సంగతి నీకు తెలుసు. దాని మీద సూదుల్లాంటి లేత తరహా ఆకులూ, పొలుసుల్లాంటి ముదురు తరహా ఆకులూ ఒకే చెట్టున కనిపిస్తాయి. అలాంటప్పుడు ఒక కొమ్మ చూసి వర్ణన రాస్తే సగం చెట్టుకే రాసినట్టు. చిన్న మొక్క ఆకు, నీడ ఆకు, ఎండ ఆకు, పూలకొమ్మ ఆకు విడివిడిగా కొలువు. కనీసం పది చెట్లయినా చూడు. అన్ని దొరకకపోతే ఎన్ని చూశావో వ్యాసంలోనే రాయి. మామూలు కొలతల శ్రేణి ఇచ్చి, అరుదుగా వచ్చినవాటిని దాని ముందూ వెనకా బ్రాకెట్లలో పెట్టు.

రాయిని కూడా పరీక్షించు. తెల్లగా ఉన్నదల్లా సున్నపురాయి కాదు. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే బుసబుస పొంగుతుంది. దాన్ని పోలిన డోలమైట్ రాయి గీకి పొడి చేస్తే గానీ సరిగా పొంగదు. "సున్నపురాయికే పరిమితం" అని రాయాలనుకుంటే పక్కనున్న వేరే రాతి కొండలు కూడా ఎక్కి, అక్కడ లేదని చూసి ఉండాలి. అక్కడ వెతక్కుండా ఆ మాట రాయకు.

ఇక సేకరణ. చెట్టు ఎత్తు, నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర మాను వ్యాసం (వాలు మీదైతే ఎగువ వైపు నుంచి కొలవాలి), బెరడు తీరు, గాటు పెడితే లోపలి రంగు, కారేది పాలా జిగురా, గాలి తగిలాక దాని రంగు మారిందా, వాసన, పువ్వు రంగు... ఇవన్నీ అక్కడే, అప్పుడే రాసుకో. ఎండిన షీటు ఇవేవీ చెప్పదు. అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు సరేసరి. షీటు సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 29 వెడల్పు ఉంటుంది. కొమ్మ దానికి సరిపడేలా కత్తిరించు, కత్తిరించిన చోట మొదలు కనబడేలా వదులు. కనీసం ఒక ఆకును తిరగేసి పెట్టు. చాలామంది ఇది మరిచిపోతారు. తర్వాత వెనక నూగు చూడాలంటే జిగురంటిన ఆకును పీకాల్సి వస్తుంది.

డీఎన్‌ఏ కోసం లేత ఆకు ముక్కలు వాటి బరువుకు పది రెట్ల సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికల్లో) వేయి, ఒక రోజులో పెళుసెక్కాలి. మెత్తగానే ఉంటే జెల్ మార్చు. పూలు కొన్ని 70 శాతం ఆల్కహాల్ సీసాలో వేసుకో. తేమ అడవిలో ఆరబెట్టే వీల్లేక నమూనాలను కాగితాల మధ్య కట్టగట్టి ఆల్కహాల్‌తో తడిపి తెస్తారు కదా, సిలికాలోకి ఆకు అంతకు ముందే వెళ్లాలి. ఆల్కహాల్ తాగిన ఆకులో డీఎన్‌ఏ పాడవుతుంది, రంగులూ పోతాయి.

ఇప్పుడు చెప్పబోయే చోట మంచి మంచివాళ్లే బోల్తాపడ్డారు, నిదానంగా చదువు. మొక్కల నామకరణ నియమావళి ప్రకారం హోలోటైప్, అంటే కొత్త పేరుకు ఆధారంగా నిలిచే నమూనా (టైప్), ఒకే సేకరణలోది కావాలి. ఒకే సేకరణ అంటే ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే సేకర్త కోసినది. నువ్వు ఒక చెట్టుకు గుర్తు కట్టి మార్చిలో పూలు, ఆగస్టులో కాయలు కోశావనుకో. చెట్టు ఒకటే అయినా సేకరణలు రెండు. ఆ రెండింటినీ కలిపి టైప్ అన్నావా, పేరు చెల్లుబాటు కాదు. ఏళ్ల తరబడి పడ్డ శ్రమ ఆ ఒక్క వాక్యంతో గాలికిపోతుంది. పూల సేకరణను హోలోటైప్ చేసి, కాయలను పారాటైప్‌గా, అంటే తోడు నమూనాగా చూపించు. మగ, ఆడ చెట్లు వేరైతే ఏదో ఒక చెట్టుదే హోలోటైప్, రెండోది పారాటైప్. ఏ దశలో జాతి తేడా బాగా తెలుస్తుందో ఆ దశదే టైప్‌గా ఎంచుకో. కొమ్మ పెద్దదై రెండు షీట్లకు పంచాల్సి వస్తే, రెండూ ఒకే నమూనా భాగాలని రెంటి మీదా స్పష్టంగా రాయాలి.

1990 జనవరి 1 నుంచి "హోలోటైప్" అనో "టైప్" అనో మాట వ్యాసంలో ఉండి తీరాలి. అది భద్రపరిచిన హెర్బేరియం (ఎండు నమూనాల భాండాగారం) ఒక్కదాని పేరూ చెప్పాలి. "ఫలానా రెండు హెర్బేరియాల్లో ఉంది" అంటే కుదరదు, ఒకటి హోలోటైప్ చోటు, మిగతా చోట్లవి ఐసోటైప్‌లు, అంటే అదే సేకరణ నకళ్లు. అందుకే ఒకే కోతలో ఐదారు నకళ్లు తీసుకో. కానీ కొండ మీద మూడే చెట్లుంటే నకళ్ల కోసం కొమ్మలు నరకొద్దు. ఫోటో ఎంత అందంగా వచ్చినా దాన్ని చెట్టుకు టైప్‌గా పెట్టలేవు.

పాత పేర్ల వేట విసుగు పుట్టించే పని, అయినా తప్పదు. సున్నపురాయి కొండల వరసలకు దేశాల సరిహద్దులు తెలియవు. దక్షిణ చైనా, వియత్నాం, లావోస్‌ల కొండలు ఒకదాని పక్కన ఒకటి. నీ చెట్టుకు అవతలి వైపు నూరేళ్ల కిందటే ఎవరో పేరు పెట్టి ఉండొచ్చు, ఆ పేరును ఇంకెవరో వేరే జాతిలో కలిపేసి ఉండొచ్చు. కాబట్టి చెల్లుతున్న పేర్లు చూస్తే సరిపోదు, పర్యాయనామాలుగా మూలన పడ్డవాటి టైప్‌లు కూడా తీయించు. లండన్‌లోని క్యూ, పారిస్, నెదర్లాండ్స్‌లోని లైడెన్ హెర్బేరియాల షీట్లు చాలావరకు తెర మీదే దొరుకుతాయి. సందేహం మిగిలితే ఒక పువ్వు విప్పి చూడమని అక్కడివాళ్లను అడగాలి. తెర మీద అండాశయం గదులు లెక్కపెట్టలేవు.

పువ్వు విప్పే పద్ధతి నీకు రాకపోలేదు, ఒక్క హెచ్చరిక. ఎండిన మొగ్గను ఒక చుక్క సబ్బు కలిపిన వేడినీళ్లలో మెత్తబడేదాకా ఉంచి, మధ్యలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కోసి చూడు. మొగ్గ, విచ్చిన పువ్వు రెండిటి కొలతలూ కలిపేయకు. విచ్చేటప్పుడు కేసరపు కాడలు సాగుతాయి, "కేసరాలు పొట్టి" అన్న నీ ముఖ్యమైన తేడా కాస్తా మొగ్గ తేడాగా తేలుతుంది. కొలత పచ్చి పువ్వుదా, నానబెట్టినదా అన్నది కూడా రాయి.

డీఎన్‌ఏ విషయంలో అతి నమ్మకం వద్దు. క్లోరోప్లాస్ట్ జన్యువులు చాలా చెట్లలో తల్లి వైపు నుంచే వస్తాయి. సంకరం జరిగిన గుంపుల్లో అవి చెప్పే చుట్టరికం ఒకటి, కేంద్రక జన్యువులు చెప్పేది ఇంకొకటి. రెండూ తీయించు.

వర్ణన 2012 నుంచి లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ రాయొచ్చు. వర్ణన కంటే డయాగ్నోసిస్ మీద ఎక్కువ చెమటోడ్చు. అది తేడాలు మాత్రమే చెప్పాలి, రెండు వైపులా చెప్పాలి. "ఆకు వెనక నూగు ఉంది" అని ఆపితే పనికిరాదు. "ఆకు వెనక నక్షత్రంలా చీలిన నూగు దట్టంగా ఉంది, దగ్గరి జాతిలో ఈనెల మీద ఒంటి వెంట్రుకలు మాత్రమే" అనాలి. పేరు బయటికి పొక్కనీయకు. వర్ణన లేకుండా ఎక్కడైనా అచ్చయితే అది ఉత్తి పేరుగా మిగిలి, తర్వాత వచ్చేవాళ్లకు తలనొప్పి.

కాల్సికోలా (సున్నపు నేలలో ఉండేది) అని పెట్టాలనుందన్నావు. ఆ ప్రజాతిలో (జీనస్‌లో) ఆ పేరు ఇంతకు ముందు ఎవరూ వాడలేదని మొక్కల పేర్ల సూచికలో చూసుకో. పర్యాయనామంగా పడున్నా సరే, వాడేశారంటే నీకు దక్కదు. కాల్సికోలా నామవాచకం, ప్రజాతి లింగాన్ని బట్టి మారదు. కాల్కేరియస్ విశేషణం, క్వెర్కస్ (ఓక్)తో కాల్కేరియా, ఏసర్ (మేపుల్)తో కాల్కేరియం అవుతుంది. క్వెర్కస్ మాట చివర చూసి పుంలింగం అనుకోకు, చెట్ల పేర్లు చాలావాటిని స్త్రీలింగంగానే వాడతారు. నన్నడిగితే కాల్సికోలా కాస్త అరిగిపోయిన పేరు. కొండ పేరో, ఆకు గుణమో అయితే గుర్తుంటుంది.

జాతి ఎంత ముప్పులో ఉందో చెప్పే ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) అంచనా రాసేటప్పుడు "రెండే చోట్ల ఉంది కాబట్టి అత్యంత ప్రమాదంలో ఉంది" అనేయకు. ఆక్రమించిన విస్తీర్ణాన్ని 2×2 కిలోమీటర్ల గళ్లతో లెక్కించాలి. అది 10 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువైనంత మాత్రాన చాలదు, గుంపులు బాగా చీలిపోవడం (లేదా లొకేషన్ ఒక్కటే కావడం), ఆగని క్షీణత, విపరీతమైన హెచ్చుతగ్గులు, ఈ మూడింటిలో రెండైనా చూపాలి. ఎదిగిన చెట్లు 50 కంటే తక్కువని లెక్కపెట్టి చెప్పగలిగితే సంఖ్య ఒక్కదాన్నే చూసే డీ ప్రమాణం సరిపోతుంది. "లొకేషన్" అంటే నువ్వు గుర్తుపెట్టిన చోటు కాదు, ఒకే ముప్పు ఒక్కసారిగా దెబ్బతీయగల ప్రాంతం. ఒకే క్వారీ కింద నాలుగు గుంపులున్నా లొకేషన్ ఒకటే. చెట్టు అందమైనదైతే అచ్చులో కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు వేయకు, పీక్కుపోయేవాళ్లు వ్యాసాలు చదువుతారు. అవి హెర్బేరియం దగ్గర ఉంటే చాలు.

నీ ఫోటోల్లో పూలున్నాయి, కాయ ఒక్కటీ లేదు. దగ్గరి జాతితో అసలు తేడా కాయ విచ్చే తీరులోనే ఉందంటున్నావు కదా. అయితే రాతప్రతి ఇప్పుడే పంపొద్దు. కాయలు ముదిరే నెలలో మళ్లీ కొండెక్కు. ఈసారి అడుగున లోయలో కూడా చూసి రా.

ఆశీస్సులతో,
మాస్టారు