రాజీనామా మీద సంతకం పెట్టాక కేసు నిలుస్తుందా?

ప్రశ్న: జడ్చర్ల దగ్గర యంత్రాలు తయారుచేసే కంపెనీలో తొమ్మిదేళ్లు లేత్ ఆపరేటర్‌గా చేశాను. మొత్తం 180 మందిమి. ఈ ఏడాది జనవరిలో పునర్వ్యవస్థీకరణ అంటూ ఇరవై మందిని పిలిచి, టైపు చేసిన రాజీనామాల్లో పేర్లు పెన్నుతో నింపించి సంతకాలు తీసుకున్నారు. జూనియర్లను ఉంచుకున్నారు. సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే సెటిల్‌మెంట్ రాదని హెచ్‌ఆర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, ఆ ఫోన్ నేను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. ఇంటి లోన్, పిల్లల ఫీజులు, ఒకటే టెన్షన్. సంతకానికి ఒప్పుకోలేదని పాత తేదీతో లెటర్ తయారు చేద్దామంటున్నాడు మిత్రుడు. సర్కారు అనుమతి లేకుండా తీసేయొచ్చా?

జవాబు: లోన్, ఫీజుల సంగతి కోర్టుకు అక్కర్లేదు. మీరే మానేశారా, వాళ్లు తీసేశారా, కేసంతా ఇక్కడే తేలుతుంది. ఇష్టపడి రాజీనామా చేశారని తేలితే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం, చివర చేరినవారిని ముందు తీయాలన్న నియమం, ఏవీ మీకు వర్తించవు. జూనియర్ల మాట ఆ తర్వాతే. అనుమతి వాదన వదిలేయండి, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త కార్మిక చట్టంలో ఆ నిబంధన 300 మంది కార్మికులున్న ఫ్యాక్టరీల నుంచే.

ఉన్న ఒక్క సాక్ష్యాన్ని కొత్త ఫోన్ మోజులో అమ్ముకుంటారా అండీ? సరే, గ్రూపులో మిగతావాళ్ల ఫోన్లలో ఉంటుంది. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా ఆ ఫోన్‌నే జాగ్రత్తచేయమనండి, కోర్టులో వేసేటప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జతచేయాలి. అంతకన్నా గట్టిది ఆ రాజీనామాలే: ఒకే తేదీ, ఒకే టైపు, పేరొక్కటే పెన్నుతో. ఇరవై మందికీ ఒకే రోజు ఒకే మాటల్లో ఉద్యోగం మీద విరక్తి పుట్టిందంటే ఎవరు నమ్ముతారు? వాటి జిరాక్సులు ఎన్ని దొరికితే అన్ని పోగుచేయండి.

పాత తేదీ లెటర్ జోలికి మాత్రం పోవద్దు. లెటర్ అందినట్టు కంపెనీ వేసే ఇన్‌వార్డ్ ముద్ర ఏదని అవతలి లాయర్ అడిగితే మీ నోట మాట రాదు, ఉన్న నిజం కూడా దాంతోపాటే పోతుంది, పైగా దొంగ సాక్ష్యం సృష్టించడం నేరం. ఇవాళ్టి తేదీతోనే, ఒత్తిడి చేసి సంతకం తీసుకున్నారని స్పీడ్ పోస్టులో కంపెనీకి రాసి రసీదు దాచుకోండి.

తర్వాత కార్మిక శాఖలో రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వండి, వీలైతే అందరూ కలిసి. గడువు రెండేళ్లే, పాత చట్టంలోని మూడేళ్ల లెక్క ఎవరు చెప్పినా వినకండి. రాజీ కుదరకపోతే ఆ అధికారి ఇచ్చే రిపోర్టు అందిన 90 రోజుల్లో పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

గ్రాట్యుటీకి ఈ గొడవతో పనిలేదు, ఐదేళ్లు దాటాయి కాబట్టి రాజీనామా అయినా 30 రోజుల్లో ఇచ్చితీరాలి. ఇచ్చారో లేదో మీరు రాయనే లేదు.