డ్రైను లేదు, బిల్లు డ్రా అయింది: సర్పంచ్, కార్యదర్శిపై ఫిర్యాదు ఎలా చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక గ్రామ పంచాయతీ. మా వీధిలో సిమెంటు డ్రైను కట్టినట్టు చూపి 4 లక్షల 80 వేల రూపాయలు డ్రా చేశారు. అక్కడ ఇప్పటికీ మట్టి కాలువే ఉంది. కాంట్రాక్టరుగా చూపిన వ్యక్తి సర్పంచ్ బావమరిది. మరోపక్క నా ఇంటి ప్లాను అనుమతికి పంచాయతీ కార్యదర్శి 5 వేలు అడుగుతున్నారు. కలెక్టరేట్‌లో సోమవారం రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రెండుసార్లూ 'పరిష్కరించాం' అని మెసేజ్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: మీరు జత చేసిన అర్జీ నకలు చూశాను. డ్రైను బిల్లు, లంచం, వెలగని వీధిలైట్లు, పాత ఎన్నికల గొడవ అన్నీ కలిపి నాలుగు పేజీలు రాశారు. ఇలాంటి అర్జీ కలెక్టరేట్ నుంచి మండలానికి దిగుతుంది. అక్కడి నుంచి, మీరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో ఆ కార్యదర్శి దగ్గరకే నివేదిక కోసం వెళ్తుంది. ఆయన 'పని జరిగింది' అని రాసి పంపితే అర్జీ మూసేస్తారు. సర్పంచ్‌ను తొలగించే దారి వేరు, ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య వేరు, పోయిన సొమ్ము రాబట్టడం వేరు, లంచం కేసు వేరు. అందుకే ఒక్కో తప్పుకు ఒక్కో అర్జీ రాయండి. రాసే ముందు కాగితాలు సంపాదించండి.

డబ్బు 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి వెళ్లి ఉంటే, ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ చెల్లింపులు ఎవరైనా చూడవచ్చు. వోచరు నంబరు, తేదీ, మొత్తం రాసుకోండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. అడగాల్సినవి: పాలకవర్గ తీర్మానం, ఎస్టిమేటు, సాంకేతిక అనుమతి, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లు, పని ఫొటోలు.

పంచాయతీలో సమాచార అధికారి సాధారణంగా కార్యదర్శే కాబట్టి ఒక్క అక్కడే అడిగి ఊరుకోవద్దు. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం కార్యాలయంలో ఎం-బుక్ కోసం మరో దరఖాస్తు వేయండి. కొలతలు రాసేది ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), సరిచూసేది డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు). లేని డ్రైనుకు పొడవు, వెడల్పు, లోతు ఎవరి చేతిరాతలో ఉన్నాయో ఆ పుస్తకంలోనే తేలుతుంది. పంచాయతీలో ఫైలు 'కనిపించడం లేదు' అన్నా ఈ దారి మిగులుతుంది. 30 రోజుల్లో సమాచారం రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ఇదే చట్టంలోని 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, నమూనా తీసుకునే హక్కు కూడా మీకున్నాయి. ఎక్కడైనా కొంత కట్టి ఎక్కువ బిల్లు పెట్టి ఉంటే టేపుతో కొలిచి, తేదీ వేసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి.

సర్పంచ్ విషయంలో అర్జీ నేరుగా జిల్లా కలెక్టర్‌కు, ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994, 249వ సెక్షన్ పేరు పెట్టి రాయండి. అధికార దుర్వినియోగం, విధి నిర్వహణలో దుష్ప్రవర్తన ఆ సెక్షన్‌లోని కారణాలు. రెండు పేజీలు చాలు: తీర్మానం తేదీ, వోచరు నంబరు, ఎం-బుక్ పేజీ, స్థలం ఫొటో. విచారణ మండలం బయటి అధికారితో జరిపించమని స్పష్టంగా కోరండి. ఇక్కడ ఒక హెచ్చరిక. పంజాబ్‌కు చెందిన తర్లోచన్ దేవ్ శర్మ కేసులో (2001) సుప్రీంకోర్టు, పొరపాటున అధికారం వాడినంత మాత్రాన అది దుర్వినియోగం కాదని, ఎన్నికైన వ్యక్తిని తొలగించడానికి బుద్ధిపూర్వకమైన తప్పు కనిపించాలని చెప్పింది. కాబట్టి 'డ్రైను లేదు' అని ఆగిపోకండి, లేదని తెలిసీ సంతకం పెట్టారని చూపించండి. తొలగింపు ఉత్తర్వులు హైకోర్టులో నిలవకపోవడానికి తరచూ కనిపించే కారణం సరైన నోటీసు ఇవ్వకపోవడం, విచారణ నివేదిక నకలు సర్పంచ్‌కు అందించకపోవడం. ఆయనకు నోటీసు ఇచ్చారని తెలిస్తే ఆందోళన పడకండి, మీ ఫిర్యాదు నిలవాలంటే అది జరగాల్సిందే.

బావమరిది కాంట్రాక్టరు కావడం ఒక్కటే సర్పంచ్ అనర్హతకు సరిపోదు. పంచాయతీ కాంట్రాక్టులో సర్పంచ్‌కే ఆర్థిక ఆసక్తి ఉందని, ఉదాహరణకు చెల్లించిన సొమ్ము తిరిగి ఆయన ఖాతాకు వచ్చిందని, రుజువు కావాలి. అనర్హత ప్రశ్నను తేల్చే దారి పంచాయతీరాజ్ చట్టం 22వ సెక్షన్‌లో విడిగా ఉంది. దాన్ని 249 అర్జీలో కలపకండి.

కార్యదర్శిపై అర్జీ జిల్లా పంచాయతీ అధికారికి, నకలు కలెక్టర్‌కు ఇవ్వండి. ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల ఉల్లంఘన అని, 1991 సీసీఏ నియమాల (ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల నియమాలు) కింద చార్జిమెమో (అభియోగ పత్రం) ఇవ్వాలని కోరండి. ఏఈపై కూడా విడిగా ఆయన పై అధికారికి రాయండి, కొలతలు రాసిన మనిషిని వదిలేస్తే కేసు సగమే. సొమ్ము రాబట్టడానికి రాష్ట్ర ఆడిట్ శాఖ జిల్లా అధికారికి ఇదే ఆధారాలతో రాసి, సర్‌ఛార్జ్ (నష్టపోయిన సొమ్మును బాధ్యుల నుంచే రాబట్టడం) విధించాలని అడగండి.

లంచం సంగతి మాత్రం ఈ అర్జీల్లో ఎక్కడా రాయవద్దు. డబ్బు ఇచ్చే ముందే ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) వెళ్లండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. అయితే ముందే అధికారులకు తెలిపి వారికి సహకరించడానికి ఇచ్చినవారికి రక్షణ ఉంది. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారికీ ఉంది. అడిగినట్టు రుజువు కావడమే ఇందులో ప్రాణం. నోట్లు దొరికినంత మాత్రాన శిక్ష పడదు. ఫోన్‌లో అడిగి ఉంటే రికార్డింగు ఉన్న అసలు ఫోనును జాగ్రత్తగా ఉంచండి, ఫార్వర్డ్ చేసిన ఫైలు మాత్రమే మిగిలితే విలువ తగ్గుతుంది. డ్రైను బిల్లును ఏసీబీ పట్టుకోవాలంటే అదే చట్టం 17ఏ సెక్షన్ కింద ముందస్తు అనుమతి ప్రశ్న వచ్చి ఆలస్యం కావచ్చు. లంచం తీసుకుంటూ అక్కడికక్కడే అరెస్టయ్యే సందర్భానికి ఆ అడ్డంకి లేదు.

వాట్సాప్ గ్రూపుల్లో 'దొంగ' అని పెట్టకండి. తగిన అధికారికి సదుద్దేశంతో ఇచ్చిన ఫిర్యాదుకు పరువునష్టం చట్టంలో మినహాయింపు ఉంది. ఊరంతా పంచిన సందేశానికి అది దొరకడం కష్టం.

రెండు మూడు నెలల్లో కలెక్టర్ కదలకపోతే, అర్జీపై తీసుకున్న చర్య నివేదికను, ఫైలు నోట్లను సమాచార హక్కు కింద తీసుకోండి. అవి జతచేసి, అర్జీని పరిష్కరించేలా ఆదేశించమని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. ఉద్యోగులు ఫిర్యాదును తొక్కిపెడితే లోకాయుక్తకు కూడా అఫిడవిట్‌తో వెళ్లవచ్చు, కానీ లోకాయుక్త తన నివేదికను సంబంధిత అధికారికి పంపుతుందే తప్ప తానే పదవి తీసేయదు.

సర్పంచ్ పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ఇప్పుడే లెక్క చూసుకోండి. గడువు దాటితే 249 అర్జీకి పని లేదు. అప్పుడు కూడా సర్‌ఛార్జ్ సొమ్మును భూమి శిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు, క్రిమినల్ కేసూ ఆగదు. గడువు దగ్గరపడి ఉంటే ఆడిట్ అర్జీనే ముందు పెట్టండి.