అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం: ఒకే బోర్డు మీద ఇద్దరు

హొనొలులు

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో నేనూ మీ పెదనాన్నా మూడుసార్లు చూశాం. కెరటం మీద బోర్డు పరుగెడుతుంటే ఒకాయన దాని మీద నిలబడి, భార్యను రెండు చేతులతో నెత్తి పైకి ఎత్తి పట్టుకున్నాడు. ఆవిడ కొంగలా బారుగా సాగి నవ్వుతోంది. కింద నువ్వు "వారం రోజుల్లో మాకిది నేర్పిస్తావా పెద్దమ్మా" అని రాశావు.

వారంలో అది రాదు తల్లీ. ఆ నవ్వు వెనక ఏళ్ళ సాధన ఉంటుంది. మీరిద్దరూ ఒకే బోర్డు మీద పడుకుని, కెరటం అందుకుని, లేచి నిలబడి ఒడ్డు వైపు రావడం మాత్రం వారంలో వస్తుంది. ట్యాండెం సర్ఫింగ్‌లో, అంటే ఒకే బోర్డు మీద ఇద్దరు కెరటమెక్కే ఈ ఆటలో, అసలు రుచి అక్కడే ఉందని నా అభిప్రాయం. ఎత్తుకోవడాలన్నీ పెళ్ళిభోజనంలో ఆఖరున వచ్చే కిళ్ళీ లాంటివి.

ముందు ఒక మాట. అల్లుడుగారికి ఈత ఎంతవరకు వచ్చో నువ్వు రాయలేదు. రాయలేదంటేనే నాకు సగం అర్థమైంది. ఫ్రీమాంట్‌లో మీ అపార్ట్‌మెంట్ కింద స్విమ్మింగ్ పూల్ ఉందిగా, మీరు బయల్దేరడానికి ఇంకా పది వారాలుంది. ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదాలి. కాళ్ళు నేలకు ఆనని లోతులో పది నిమిషాలు గాభరా పడకుండా తేలాలి. ఇది నేను పెట్టుకున్న లెక్క, ఎక్కడా రాసిలేదు. ఇద్దరిలో ఒకరికి ఈత వస్తే చాలనుకోకండి. బోర్డు చేజారితే రెండోవాళ్ళు ఈతొచ్చినవాళ్ళ మెడకు చుట్టుకుంటారు. ఈ మాట కుదరకపోతే మిగతా ఉత్తరం చదవనక్కర్లేదు, వచ్చి ఒడ్డున కూర్చుని ఐస్ తినండి.

ఈ ఆట పెరిగింది ఇక్కడే, మా ఊరి వైకీకీ తీరంలో. 1920లలో ఓడలు దిగిన టూరిస్టులను ఇక్కడి బీచ్ బాయిలు, అంటే తీరంలో సర్ఫింగ్ నేర్పేవాళ్ళు, తమ బోర్డుల మీద ముందు ఎక్కించుకుని తిప్పేవారు. అంతకంటే ముందే, 1915లో, ఒలింపిక్ ఈతగాడు డ్యూక్ కహనమోకు సిడ్నీ తీరంలో ఇసబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ళ పిల్లను తన బోర్డు మీద తీసుకెళ్ళాడు. కెరటం అంచు నుంచి కిందికి చూసి ఆ పిల్ల హడలిపోయి వద్దు వద్దంటే, ఆఖరికి మెడ దగ్గర పట్టుకుని లేపి నిలబెట్టాడట. ఈ సంగతి ఆవిడే తరువాత చెప్పుకుంది. అల్లుడుగారు ఈ పద్ధతి వాడకూడదని మనవి. డ్యూక్ కంచు విగ్రహం కూహియో బీచ్ దగ్గర ఉంది, మెడలోనూ చేతుల మీదా ఎప్పుడూ పూలదండలు వేలాడుతుంటాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టారని ఇక్కడివాళ్ళు చాలామందికి కోపం. సర్ఫింగ్ తెలిసినవాడెవడూ సముద్రానికి వీపు పెట్టడు. మీరూ పెట్టకండి, నడుము లోతు నీళ్ళలో నిలబడి ఫోటో తీసుకునేటప్పుడు కూడా.

మీరు రాగానే చేయాల్సింది కలిసి బోర్డెక్కడం కాదు. ఇక్కడి బీచ్ స్టాండ్‌లలో "ట్యాండెం పాఠం" అంటే తరచుగా ఒక శిక్షకుడు తన బోర్డు మీద మనల్ని ముందు పెట్టుకుని తీసుకెళ్ళడం. భార్యాభర్తలను కలిపి ఎక్కించడమనుకుని చాలామంది వెళ్ళి తెల్లమొహం వేస్తారు. మొదటిరోజు మీరిద్దరూ విడివిడిగా ఆ పాఠమే తీసుకోండి. బరువు ఎక్కడుంటే బోర్డు ఎలా పోతుందో, తెలిసినవాడు వెనక ఉండగా ఒంటికి తెలియాలి. రెండోరోజు విడివిడిగా చెరో పెద్ద ఫోమ్ బోర్డు మీద. మూడోరోజు కలుద్దురుగాని.

జంట బోర్డు సుమారు పదకొండు పన్నెండు అడుగులుంటుంది, వెడల్పూ మందమూ కూడా మామూలు బోర్డు కంటే ఎక్కువ. మోయడానికి ఇద్దరూ కావాలి, ఒకరు ముక్కు దగ్గర, ఒకరు తోక దగ్గర. తేలికైనవాళ్ళు ముందు, బరువైనవాళ్ళు వెనక. మీ ఇద్దరిలో నువ్వే ముందనుకుంటున్నా. నువ్వు బోర్లా పడుకుంటే ఆయన నీ వెనక, ఛాతీ నీ కాళ్ళ మీద ఆనేంత దగ్గరగా పడుకోవాలి. మొదటిసారి మేమలా పడుకున్నప్పుడు నాకు సిగ్గుతో నవ్వాగలేదు. మధ్యలో జాగా వదిలితే మాత్రం బోర్డు రెండు ముక్కల్లా ఊగుతుంది. బోర్డు ముక్కు నీళ్ళకు నాలుగు వేళ్ళ పైన ఉండాలి. మునుగుతుంటే ఇద్దరూ బెత్తెడు వెనక్కి, మరీ లేచిపోతుంటే బెత్తెడు ముందుకి. కలిసి ఎక్కిన మొదటి రోజంతా ఈ బెత్తెడు సరిచూసుకోవడమే పని. ఇది కుదరకుండా కెరటం ఎక్కితే బోర్డు ముక్కు నీళ్ళలో గుచ్చుకుని ఇద్దరూ గిరాటు పడతారు, ఆయన నీ మీద పడతారు.

చేతులు వేసేటప్పుడు ఇద్దరి కుడిచేయీ ఒకేసారి, ఇద్దరి ఎడమచేయీ ఒకేసారి పడాలి. చిన్నప్పుడు భీమిలిలో తెప్ప మీద ఇద్దరేసి జాలర్లు విరిగే కెరటాలు దాటి లోపలికి వెళ్ళడం నువ్వూ చూశావు. ఎదురొచ్చే కెరటం మీదికి తెప్ప ముక్కు నేరుగా పెట్టి, ఇద్దరూ ఒక్క ఊపున తెడ్డు వేస్తారు. మేమదే పట్టుకున్నాం, "హైలెస్సా" అంటూ. పక్క బోర్డు మీది జపాను పిల్లలు రెండురోజులు విని, మూడోరోజు వాళ్ళూ అనడం మొదలుపెట్టారు.

ఇక మాటల సంగతి. 1993లో మేం మొదలుపెట్టినప్పుడు మా గొడవలన్నీ దీంతోనే. మీ పెదనాన్న వెనక నుంచి "లే" అని అరిచేవారు. గాలికీ నురగ హోరుకీ నాకది "లేదు"లా వినబడి, కెరటం లేదేమోనని హాయిగా పడుకునేదాన్ని. ఆయన నిలబడి, నేను పడుకుని, అలాగే ఒడ్డుకు చేరాం. ఒడ్డున జరిగిన రభసకు బీచ్ బాయి ఒకాయన మధ్యలోకొచ్చి, భాష రాకపోయినా తీర్పు చెప్పాడు: మాట్లాడేది ఒక్కరే. ముందున్నవాళ్ళకి వెనక ఏమొస్తోందో కనబడదు. కెరటం చూసేదీ, ఏది వదలాలో ఏది పట్టాలో చెప్పేదీ వెనకున్నవాళ్ళు. నీకు ఏం తోచినా నీళ్ళలో ఉన్నంతసేపు నోరు విప్పకు, సలహాలన్నీ ఒడ్డుకు దాచిపెట్టు. నీకది కష్టమని తెలుసు, నాకూ అయింది. ఒక్క మాట మీద మాత్రం హక్కు నీదే, "దింపు". నువ్వు దింపు అంటే ఎందుకని అడక్కుండా ఆయన దింపాలి. మిగతా మాటలు రెండక్షరాలకు తగ్గకుండా, ఒకదానిలా ఒకటి వినబడకుండా ఎంచుకోండి. మావి "పైకి", "ఆగు", "దింపు".

కెరటం తోకను ఎత్తి బోర్డు తనంతట తాను జారడం మొదలైన క్షణం తెలుస్తుంది, చేతుల కింద నీళ్ళు ఒక్కసారి తేలికవుతాయి. అప్పటికీ ఇంకో రెండు చేతులు వేయాలి. ముందు ఆయన లేస్తారు, మోకాళ్ళు వంచి బోర్డును నిలకడ చేస్తారు. "పైకి" అన్నాక నువ్వు అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపున పాదాలు బోర్డు మధ్య గీత మీదికి తెచ్చుకుంటావు. ఆయన నీ నడుము పట్టుకుంటారు. లేవగానే నువ్వు వెనక్కి తిరిగి ఆయన మొహం చూడాలనుకుంటావు. చూశావా, బోర్డు అటే తిరుగుతుంది. దూరంగా ఉన్న హోటల్ కప్పు మీదో, కొబ్బరిచెట్టు మీదో చూపు పెట్టు. నిలబడ్డాక నీ పని కదలకుండా ఉండడం. వినడానికి ఏమీ లేనట్టుంటుంది, చేసిచూస్తే తొడలు రెండురోజులు నొప్పెడతాయి.

పడడం నేర్చుకోండి. తలకిందులుగా ఎప్పుడూ దూకకూడదు, వైకీకీ అడుగున ఇసుకే కాదు, పగడపు రాళ్ళూ, ముళ్ళున్న సముద్రపు అర్చిన్లూ ఉంటాయి. వెల్లకిలానో పక్కకో, చాప పరిచినట్టు వెడల్పుగా పడాలి. పడగానే రెండు చేతులూ తల చుట్టూ, పైకి తేలేటప్పుడు ఒక చెయ్యి ముందు. బోర్డు ఎప్పుడూ మీకూ వచ్చే కెరటానికీ మధ్యలో ఉండకూడదు. పన్నెండడుగుల బోర్డును కెరటం తోసుకొస్తే తలుపు ఊడి మీద పడ్డట్టుంటుంది. మొదటేడాది నా పై పెదవి చిట్లింది అందుకే, ఇప్పటికీ నవ్వితే ఆ గీత కనబడుతుంది. మీ అమ్మకు మెట్ల మీద జారానని చెప్పాను.

ఎత్తుకోవాలని అంత సరదాగా ఉంటే ఇక్కడికి రాకముందే ఇంటి దగ్గర పచ్చికలో చేయండి, పక్కన మూడో మనిషి తప్పక నిలబడాలి. తేలికైనదొకటి చెప్తా. నువ్వు ఆయనకెదురుగా నిలబడి ఆయన మణికట్లు పట్టుకో. ఆయన మోకాళ్ళు వంచి రెండు అరచేతులూ నీ తుంటి ఎముకల దగ్గర ఆనించి, కాళ్ళ బలంతో లేస్తూ నిన్ను పైకెత్తాలి. నడుము వంచి ఎత్తితే కంప్యూటర్ ముందు కూర్చునే ఆ వెన్ను మర్నాడు లేవదు. పైకెళ్ళాక నువ్వు కాళ్ళు బారుగా చాచి, ఛాతీ ఎత్తి, గుమ్మడికాయలా వేలాడకుండా బిగబట్టాలి. పైనున్న మనిషి బిగువుగా ఉంటే యాభై కిలోలు యాభై కిలోల్లానే ఉంటాయి, వదులుగా ఉంటే బియ్యం బస్తా. నేల మీద వరసగా ఇరవైసార్లు తడబడకుండా వచ్చాక మెడలోతు ఈతకొలనులో, ఆ తరువాతే కెరటం మాట. మీ ఇద్దరి బరువుల్లో తేడా తక్కువైతే ఈ సరదా మానేయండి. నిలబడి కలిసి రావడానికి మాత్రం ఏ బరువైనా పనికొస్తుంది, వయసు కూడా. కాలిఫోర్నియా సర్ఫర్ పీట్ పీటర్సన్ 1966లో శాన్ డియేగోలో జంటల ప్రపంచ పోటీ గెలిచేనాటికి ఆయనకు 53 ఏళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా మీ పెదనాన్న ఈ సంగతి చెప్పనిదే కాఫీ తాగనివ్వరు.

నూనె విషయం మర్చిపోబోయాను. నల్లబడతానని నేనో పొద్దున ఒంటికంతా కొబ్బరినూనె పట్టించి వెళ్ళాను. ఆయన నడుము పట్టుకోవడం, నేను చేపలా జారిపోవడం! కాళ్ళు జారకుండా బోర్డు మీద రుద్దిన మైనమంతా పాడై మళ్ళీ గీకి రుద్దడానికి గంట పట్టింది. మీరు సన్‌స్క్రీన్ కూడా నడుముకీ అరచేతులకీ తగలనివ్వకండి. పొడుగు చేతుల రాష్‌గార్డ్, అదే ఈతకు వేసుకునే బిగువు చొక్కా, వేసుకో, మొహానికి జింక్ క్రీము రాసుకుంటే చాలు. పగడాలకు హాని అని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయిలో 2021 నుంచి నిషేధించారు, అక్కడి నుంచి మోసుకొచ్చే సీసా ఏమిటో చూసి తీసుకురా. నల్లపూసలు, మట్టెలు, ఉంగరాలు తీసి నా దగ్గర పెట్టు. ఎత్తేటప్పుడు గొలుసు ఆయన వేలికి చిక్కితే ఏదో ఒకటి తెగుతుంది. ఇది కూడా మీ అమ్మకు చెప్పకు.

మీరు జూన్‌లో వస్తున్నారు. దక్షిణపు అలలు ఈ తీరానికి వచ్చే కాలం అదే. విగ్రహానికి ఎదురుగా కనబడే కెరటాన్ని కనూస్ అంటారు, మెల్లగా, చాలాదూరం సాగుతుంది, మనకదే. పక్కన తేలే కొయ్య కట్టిన అవుట్‌రిగ్గర్ పడవలు కూడా అక్కడే వస్తాయి. పడవకు ఆగడం కుదరదు, తప్పుకోవలసింది మీరే. కెరటం విరిగే చోటికి దగ్గరగా ఉన్నవాళ్ళది ఆ కెరటం, వాళ్ళ ముందుకు చొరబడితే తిట్లు తప్పవు. పొద్దున్నే ఆరింటికి వెళ్దాం, జనం పలచగా ఉంటారు. కెరటం భుజం ఎత్తు దాటిన రోజు నేనే ఒడ్డున కూర్చోబెడతాను, మారాం చేయొద్దు.

బోర్డు కొనకండి, మాది ఉంది. కరివేపాకు, మామిడికాయలు తేకు. వ్యవసాయశాఖ వాళ్ళ ఫారం నింపాలి, పచ్చి ఆకూ కాయా చెప్పకుండా తెస్తే చిక్కు. ఆవకాయ తెచ్చుకో, మూత గట్టిగా బిగించి రెండు కవర్లలో చుట్టు. అల్లుడుగారి ఎత్తూ బరువూ నాకు నిజంగా రాయి, మీ పెదనాన్న బోర్డు కొలతలు చూసుకుంటానంటున్నారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ