పిన్ కంట్రోలర్ బైండింగ్: ఉమ్మడి స్కీమాకి ఏది వదలాలి, మీ ఫైల్లో ఏది రాయాలి

మీరు అడిగింది ఇదీ: 32 పిన్నుల కంట్రోలర్‌కి లినక్స్ డివైస్‌ట్రీ బైండింగ్ రాస్తున్నారు (హార్డ్‌వేర్‌ని వర్ణించే డివైస్‌ట్రీ ఫైల్లో ఏమేం రాయవచ్చో చెప్పే నియమాల పత్రం, అంటే స్కీమా). దీనికి రెండో చిప్ వేరియంట్ కూడా ఉంది. పుల్-అప్ (పిన్‌ని పైస్థాయికి లాగి ఉంచేది), డ్రైవ్ స్ట్రెంగ్త్ (పిన్ ఇవ్వగల కరెంటు) లాంటి ప్రాపర్టీలన్నీ టైపులతో సహా మీ యామల్‌లోనే, అంటే బైండింగ్ ఫైల్లోనే రాస్తే రివ్యూలో వద్దన్నారు. ఉమ్మడి ఫైల్‌ని (పిన్‌సీఎఫ్‌జీ-నోడ్) రెఫర్ చేస్తే ‘బయాస్-పుల్-అప్’ అనుమతి లేదని చెకర్ తిడుతోంది.

ముందు ఆ తిట్టు సంగతి. ‘అడిషనల్‌ప్రాపర్టీస్: ఫాల్స్’కి తన బ్లాకులోనే రాసిన ప్రాపర్టీలు తప్ప మరేవీ కనిపించవు. రెఫ్ (వేరే ఫైల్‌ని లోపలికి తెచ్చే లైను) ద్వారా వచ్చినవి దాని లెక్కలో లేనట్టే. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, దాని బదులు ‘అన్‌ఎవాల్యుయేటెడ్‌ప్రాపర్టీస్: ఫాల్స్’ పెట్టడం. ఇది రెఫ్‌లోకీ తొంగి చూస్తుంది కాబట్టి లోపం వెంటనే పోతుంది. రెండోది, అడిషనల్‌ప్రాపర్టీస్‌ని అలాగే ఉంచి, మీ చిప్‌లో ఉన్నవాటిని మాత్రం ‘బయాస్-పుల్-అప్: ట్రూ’, ‘బయాస్-డిసేబుల్: ట్రూ’ అని పేరు పేరునా రాయడం. పిన్ నోడ్‌లకి (డివైస్‌ట్రీలో పిన్నుల సెట్టింగులుండే బ్లాకులు) రెండోదే సరైనదని నా అభిప్రాయం. నాలుగు లైన్లు ఎక్కువైతే అవనివ్వండి.

ఎందుకంటే పిన్‌సీఎఫ్‌జీ-నోడ్ ఫైల్ ఒక నిఘంటువు లాంటిది. ఏ పేరుకి ఏ అర్థమో, ఏ టైపో, ఏ కొలతో మాత్రమే చెబుతుంది. డ్రైవ్-స్ట్రెంగ్త్ అంటే మిల్లీఆంపియర్లు, ఇన్‌పుట్-డీబౌన్స్ అంటే మైక్రోసెకన్లు, పుల్-అప్‌కి విలువ ఇస్తే ఓమ్‌లు. మీ సిలికాన్‌లో ఏది ఉందో దానికేం తెలుసు? మొదటి దారిలో వెళ్తే మీ హార్డ్‌వేర్‌లో లేని స్లూ-రేట్‌ని (సిగ్నల్ మారే వేగం) కూడా చెకర్ దర్జాగా దాటనిస్తుంది. బూట్‌లో డ్రైవర్ దాన్ని ఈనాట్‌సప్ (మద్దతు లేదు) అని తిప్పికొడుతుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది: పిన్ స్టేట్ పెట్టేటప్పుడు వచ్చిన లోపాల్లో ప్రోబ్-డిఫర్ (తర్వాత మళ్ళీ చూడు), ఈఇన్‌వాల్ (చెల్లని విలువ) వస్తేనే డ్రైవర్ కోర్ ప్రోబ్‌ని, అంటే డివైస్‌ని డ్రైవర్‌కి జోడించే పనిని ఆపుతుంది. మిగతావాటిని మింగేసి ముందుకెళ్తుంది. డివైస్ ప్రోబ్ అయినట్టే కనిపిస్తుంది, పిన్ మాత్రం మీరు అనుకున్న స్థితిలో ఉండదు. ఓసిలోస్కోప్ పెట్టుకుని కూర్చోవడం కంటే స్కీమాలో ఆపడమే చవక.

ఇక ఫైల్ అమరిక. కంట్రోలర్ నోడ్‌కి పిన్‌కంట్రోల్ డాట్ యామల్‌ని రెఫర్ చేయండి. లోపలి పిన్ నోడ్‌లకి పిన్‌సీఎఫ్‌జీ-నోడ్, పిన్‌మక్స్-నోడ్ (పిన్ ఏ పని చేయాలో చెప్పేది) రెండూ కావాలి. ఒకే బ్లాకులో రెఫ్ రెండుసార్లు రాస్తే డూప్లికేట్ కీ లోపం వస్తుంది, అందుకే రెండింటినీ ‘ఆల్‌ఆఫ్’ కింద పెట్టండి. ఈ రెండు ఫైళ్ళలో కంపాటిబుల్ (ఏ చిప్పో చెప్పే ప్రాపర్టీ) ఉండదు కాబట్టి మీరు రెఫర్ చేయకపోతే అవి మీ నోడ్‌ని ముట్టుకోవు.

పిన్ నోడ్ పేరుకి ‘-పిన్స్’ అనే తోక పెట్టి, ప్యాటర్న్‌ప్రాపర్టీస్‌లో (పేరు నమూనాని బట్టి నియమం పెట్టే చోటు) దాన్ని పట్టుకోండి. మామూలుగా రెండు మెట్లు చాలు. యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) ఉదాహరణ చూడండి: పైన ‘యూఆర్ట్0-స్టేట్’ నోడ్, దాని కింద ‘టీఎక్స్-పిన్స్’లో జీపీఐఓ4, బయాస్-డిసేబుల్, 4 మిల్లీఆంపియర్లు. పక్కనే ‘ఆర్ఎక్స్-పిన్స్’లో జీపీఐఓ5, బయాస్-పుల్-అప్. ఆర్ఎక్స్‌కి పుల్-అప్ దేనికంటే, కేబుల్ లేనప్పుడు లైన్ గాల్లో తేలితే చెత్త బైట్లు, బ్రేక్‌లు వస్తాయి. ఒకే మెట్టు పెట్టుకుంటే ఈ తేడా రాయడానికి చోటుండదు. జీపీఐఓ హాగ్‌లు (బూట్‌లోనే ఒక స్థితిలో కట్టేసే పిన్నులు) వాడే బోర్డులుంటే ‘-హాగ్’ నోడ్‌లకి కూడా ప్యాటర్న్ పెట్టండి, లేదంటే కంట్రోలర్ దగ్గరి ఫాల్స్ వాటినీ తోసేస్తుంది.

పిన్ పేర్ల రెగెక్స్ (అక్షరాల నమూనా) దగ్గర చాలామంది జారతారు. జేసన్ స్కీమాలో ప్యాటర్న్‌కి రెండు చివర్లా తాళం ఉండదు. మొదట్లో క్యారెట్, చివర్లో డాలర్ పెట్టకపోతే ‘జీపీఐఓ3’కి రాసిన ప్యాటర్న్‌లోంచి జీపీఐఓ35 కూడా దూరిపోతుంది. మీకున్నవి 0 నుంచి 31 వరకే కాబట్టి మూడు ముక్కలుగా విడగొట్టండి: ఒంటి అంకె ఒకటి, 1 లేదా 2తో మొదలయ్యే రెండంకెలు ఒకటి, 3 తర్వాత 0 లేదా 1 ఒకటి. ఫంక్షన్‌కి ఈనమ్ (అనుమతించే విలువల జాబితా) ఇవ్వండి. పిన్స్, ఫంక్షన్ రెండింటినీ రిక్వయిర్డ్‌లో చేర్చండి. మక్స్ రిజిస్టర్ (పిన్ పనిని ఎంచేది) గ్రూపు మొత్తాన్ని ఒకేసారి మార్చే రకమైతే పిన్స్ కాదు, గ్రూప్స్ వాడాలి. ఇది రుచిని బట్టి తేల్చేది కాదు, రిజిస్టర్ మ్యాప్ చూసి తేల్చేది.

డ్రైవ్-స్ట్రెంగ్త్‌కి టైపు మళ్ళీ రాయకండి, ఉమ్మడి ఫైల్లో ఉంది. ఈనమ్ ఒక్కటి చాలు: మీ చిప్‌కి 2, 4, 8, 12. అయినా ఒక గుంట మిగులుతుంది. మీ రిజిస్టర్ రెండు బిట్లదని రాశారు, అంటే అందులో 0 నుంచి 3. ఎవరైనా మిల్లీఆంపియర్ల బదులు రిజిస్టర్ విలువ రాస్తే 0, 1, 3 ఈనమ్ దగ్గర పట్టుబడతాయి. 2 మాత్రం దాటిపోతుంది! రాసినవాడి మనసులో 8, పిన్ మీద 2. కాబట్టి డ్రైవర్‌లో మిల్లీఆంపియర్ల నుంచి రిజిస్టర్‌కి టేబుల్ పెట్టండి. బోర్డు ఫైల్లో 2 కనిపిస్తే ఒకసారి అడగండి. స్లూ-రేట్ ఉన్న చిప్ అయితే ఇంకో పని ఉంది: దానికి ఉమ్మడి కొలత లేదు, 0 అంటే నెమ్మదా వేగమా అన్నది మీ డిస్క్రిప్షన్‌లో రాయాలి.

ఐ.ఎమ్ఎక్స్6 (ఫ్రీస్కేల్ చిప్) లాగా ‘ఎఫ్ఎస్ఎల్,పిన్స్’ పద్ధతి పెట్టుకోవచ్చా అని చివర్లో అడిగారు. కొత్త చిప్‌కి వద్దు. అక్కడ ఒక్కో పిన్‌కి ఆరు సంఖ్యలు: ఐదు మాక్రోలోంచి వస్తాయి, ఆరోది ప్యాడ్ రిజిస్టర్‌లోకి నేరుగా వెళ్ళే హెక్స్ విలువ. అందులో పుల్-అప్ ఉందో పుల్-డౌన్ ఉందో మాన్యువల్ తెరిస్తే తప్ప తెలియదు, స్కీమాకి అసలే తెలియదు. దానికది అంకెల వరస, అంతే.

మీ రెండో చిప్ వేరియంట్‌కి కంపాటిబుల్‌ని బట్టి ఇఫ్-దెన్ రాయండి. ఇతర ప్రాపర్టీల మీద షరతు పెట్టేటప్పుడు మాత్రం ఇఫ్ లోపల రిక్వయిర్డ్ మరవకండి. ఆ ప్రాపర్టీ నోడ్‌లో లేకపోతే ఇఫ్ నిజమైపోయి, సంబంధం లేని నోడ్‌ల మీద దెన్ విరుచుకుపడుతుంది. వేరియంట్ల మధ్య పిన్ పేర్లూ ఫంక్షన్లూ చాలా తేడాగా ఉంటే ఇఫ్‌ల అడవి పెంచే బదులు, కంపాటిబుల్ లేని ఒక కామన్ ఫైల్ పెట్టి, చిప్‌కో ఫైల్ రాయడం మేలు. క్వాల్‌కామ్ పిన్ కంట్రోలర్ (టీఎల్ఎంఎం) బైండింగ్‌లు ఇలాగే ఉన్నాయి, వాటిని చూసి అమర్చుకోండి.

పరీక్షకి డీటీస్కీమా (స్కీమా చెకర్), యామల్‌లింట్ (యామల్ రాతలో తప్పులు పట్టేది) రెండూ పిప్‌తో పెట్టుకోండి. ‘మేక్ డీటీ_బైండింగ్_చెక్’ మీ స్కీమానీ, అందులోని ఎగ్జాంపుల్‌నీ చూస్తుంది, బోర్డు ఫైళ్ళ జోలికి పోదు. వాటికి ‘చెక్_డీటీబీఎస్=వై’ అని ఇచ్చి మీ బోర్డు డీటీబీని (కంపైల్ అయిన డివైస్‌ట్రీ) మేక్ చేయాలి. ‘#జీపీఐఓ-సెల్స్’ చుట్టూ కోట్స్ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే యామల్ ఆ లైన్‌ని కామెంట్ అనుకుంటుంది. ఉమ్మడి ఫైల్లో ఒక్క అక్షరం ముట్టుకున్నా, డీటీ_స్కీమా_ఫైల్స్‌కి పిన్‌కంట్రోల్ అని ఇచ్చి ఆ డైరెక్టరీ మొత్తాన్ని నడిపాకే పంపండి. బైండింగ్ ప్యాచ్ విడిగా, డ్రైవర్ ప్యాచ్ కంటే ముందు ఉండాలి.