మగపిల్లాడు కదా, అంతేనా?

ప్రశ్న: మాకు కవలలు, బాబు, పాప. నాలుగేళ్లు. వాడు మంచం మీంచి దూకుతూనే ఉంటాడు, పాప ఓ మూల కూర్చుని బొమ్మకి జడ వేస్తుంది. పుట్టుకే అంత అంటారు మా అత్తగారు. కాదు, పెంపకం అంటారు మావారు. ఎవరిది నిజం?
- ఒక తల్లి, రాజాం

జవాబు: ఆటల వరకూ మీ అత్తగారి మాటని కొట్టిపారేయలేమమ్మా. అడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో వచ్చే ఒక లోపం వల్ల కడుపులో ఉండగానే మగ హార్మోన్లు ఎక్కువగా సోకిన ఆడపిల్లలు, అమ్మానాన్నలు బొమ్మలే చేతికిస్తున్నా, సగటున కార్ల వైపే ఎక్కువ మొగ్గారని పరిశోధనల్లో తేలింది. సగటున అన్నాను, ప్రతి పిల్లా అలాగే ఉండదు.

అక్కడి నుంచి మాత్రం నా ఓటు మీవారికే. పోటీ తత్వం మగాళ్ల సొత్తు అంటారా, మేఘాలయలో ఆస్తి ఆడపిల్లకి దక్కే ఖాసీల దగ్గర చేసిన అధ్యయనంలో (2009లో అచ్చయింది) మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా పోటీకి సై అన్నారు. అంత దూరం ఎందుకు, మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది.

ఇంతకీ ఆ జడ వెయ్యడం పాపకి నేర్పిందెవరు? వాడు పడితే "ఏం కాలేదు, లే" అని, పాప పడితే పరుగెత్తుకెళ్లి ఎత్తుకుంటున్నారా? చుట్టాలొస్తే మంచినీళ్ల గ్లాసు ఎవరి చేతికిస్తున్నారు? ఓ వారం గమనించి, ఆ గ్లాసు వాడి చేతికీ ఇవ్వండి, పాపనీ మంచం ఎక్కి దూకనివ్వండి, కింద పరుపు వేస్తే చాలు.