ముందు పుట్టిన పిల్లలు పోయాయి, వెనక పుట్టినవి బతికాయి... ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాకు 14 తల్లి పందులున్నాయి. సంక్రాంతి వెళ్లిన వారానికి పెద్దవన్నీ రెండు రోజులు దాణా ముట్టకుండా నీళ్లలా పారాయి. వాటంతటవే తేరుకున్నాయి. అప్పుడే ఈనిన మూడింటి పిల్లలు మాత్రం పాలు కక్కుకుంటూ, పారుతూ నాలుగు రోజుల్లో 29కి 26 పోయాయి. యాంటీబయాటిక్ వేయించినా లాభం లేకపోయింది. నెల తర్వాత అదే షెడ్డులో ఈనిన రెండింటి పిల్లలకు ఏమీ కాలేదు! చచ్చిన పిల్లల పేగులు రుబ్బి చూడి పందులకు పెడితే మళ్లీ రాదని ఒకాయన అంటున్నారు. పెట్టమంటారా? అన్నట్టు, ఆ వారమే బేరగాడి బండి షెడ్డు దాకా వచ్చింది.
– ఒక రైతు, రేణిగుంట మండలం

జవాబు: మీరు 'అన్నట్టు' అంటూ చివర్లో రాసిన ఆ బండి మీదే నా అనుమానం. మీ పందుల్ని పారించింది బహుశా ఒక వైరస్. అది పెంటలోంచి నోట్లోకి పోతుంది. చక్రానికో చెప్పుకో అంటిన కాస్త పెంట చాలు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఉద్యోగం కొత్తలో చంద్రగిరి వైపు ఒక షెడ్డులో పారుడు చూసి, గంబూట్లు బకెట్లో ముంచి, నేరుగా ఇంకో షెడ్డుకు వెళ్లాను. మూడో రోజు ఆ రెండో రైతు కబురు పంపాడు. బూటు తిరగేసి చూస్తే అడుగు గాళ్లలో పెంట ఎండి అతుక్కునే ఉంది. పుల్లతో గీకితే గానీ రాలేదు.

పెద్దవీ పిల్లలూ కలిసి పారి, వాంతులు కూడా ఉన్నాయంటే పేగులకు సోకే కరోనా వైరస్ కావచ్చు. వీటిలో టీజీఈ అనే దాన్ని 1946లో అమెరికాలో గుర్తించారు. పీఈడీ అనేది 1971లో ఇంగ్లండులో మొదట కనబడి, 2013లో అమెరికాలో లక్షల పిల్లల్ని చంపింది. పిల్లల్ని పారించే రోటా వైరస్ అనేది వేరే ఉంది. కంటితో చూసి ఫలానా అని తేల్చలేం. టీజీఈ, పీఈడీ మనుషులకు సోకవు, ఆ టెన్షన్ వద్దు.

చిన్నపేగు లోపల టర్కీ టవలు పోగుల్లాంటివి ఉంటాయి. పాలూ నీళ్లూ ఒంటికి పట్టేది వాటివల్లే. వైరస్ వాటిని కొరిగేస్తుంది. పెద్ద పందికి రెండు మూడు రోజుల్లో మళ్లీ మొలుస్తాయి. పసిపిల్లకు వారం దాకా పడుతుంది, ఈలోగా ఒంట్లో నీరంతా పోతుంది. యాంటీబయాటిక్‌కు వైరస్ చావదు. వెచ్చదనం, ఎలక్ట్రాల్ నీళ్లే దిక్కు.

ఇక నెల తర్వాతి పిల్లల సంగతి. పందుల్లో రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా పిల్లకు అందదు. ఉన్నదంతా జున్నుపాలలో, ఆ తర్వాత పాలలోనే. తల్లి పేగుకు వైరస్ తగిలితే, అక్కడ దాన్ని గుర్తుపట్టిన కణాలు పొదుగుకు చేరి, పాలలోకి ఐజీఏ అనే యాంటీబాడీలను వదులుతాయి. పిల్ల తాగిన ప్రతిసారీ అవి పేగుకు పూతలా పట్టుకుంటాయి. ఇందుకు రెండు మూడు వారాలు కావాలి. మీ చివరి రెండు తల్లులకు ఆ గడువు దొరికింది, మొదటి మూడింటికి దొరకలేదు. రోగం ఎరగని తల్లికి ఇంజెక్షన్ ఒక్కటే వేస్తే రక్తంలో యాంటీబాడీలు పెరుగుతాయి గానీ, పాలలో ఈ పూత అంతగా రాదు.

పాలు మానిపిస్తే ఆ పూతా పోతుంది. కాబట్టి ఈ పిల్లల్ని కొత్తగా కొన్న తల్లి దగ్గరికి మార్చకండి. తల్లుల్లోనూ ఈ శక్తి కొన్ని నెలలకు సన్నగిల్లుతుంది. కొత్తగా కొనే పడ్డలకైతే అసలే ఉండదు. వాటిని చూడి కట్టకముందే తెచ్చి, నెల రోజులు వేరే కొట్టంలో ఉంచి, తర్వాతే మందలో కలపండి.

రుబ్బి పెట్టడం మాత్రం వద్దు. అమెరికాలో పెద్ద ఫారాల వాళ్లు చేశారు, నిజమే. కానీ మీ పందులన్నిటికీ ఒకసారి తగిలింది కదా, ఇక పెట్టి సాధించేదేముంది? ఆ పేగుల్లో స్వైన్ ఫీవర్ వైరస్ కూడా ఉంటే మంద మొత్తం పోతుంది. హోటల్ కుడితి పోసేటప్పుడూ ఇదే భయం. ఉడికించకుండా పోయకండి.

బేరగాడి బండిని రోడ్డు మీదే ఆపి, పందుల్ని మీరే తోలుకెళ్లి ఎక్కించండి. ఈసారి పిల్లలు పారితే, ఇంకా మందు వేయని, బతికున్న ఒక పిల్లను వెంటబెట్టుకుని, కాస్త పెంటను ఐసు డబ్బాలో పెట్టుకుని తిరుపతి పశువైద్య కళాశాలకు వెళ్లండి. తెల్లవారగానే బయల్దేరండి. పిల్ల చచ్చాక పేగు గంటల్లో కుళ్లిపోతుంది, పరీక్షకు పనికిరాదు.