మబ్బుల పైనుంచి బుడమేరు

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా ఇంట్లోకి నడుం లోతు వచ్చింది. మేడెక్కి చూస్తే ఆకాశమంతా మబ్బే. మరి ఉపగ్రహానికి మా వీధి ఎలా కనిపిస్తుందండీ?
– ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: మామూలు కెమెరాకైతే కనిపించదమ్మా, మబ్బు నెత్తే కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈవోఎస్-04 లాంటి ఉపగ్రహాల్లో ఉండేది రాడార్. అది మైక్రోవేవ్ తరంగాలను ఏటవాలుగా కిందికి పంపి, తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది. వాటికి మబ్బూ చీకటీ అడ్డు కావు. ఈసారి కరెంటు పోయినప్పుడు స్టీలు పళ్లెం మీద టార్చి వాలుగా వేసి చూడండి. వెలుగంతా అవతలి గోడకు పోతుంది, పళ్లెం మాత్రం నల్లగానే ఉంటుంది. నిలిచిన నీరూ అంతే. వరదకు ముందు తీసిన బొమ్మతో పోల్చి, కొత్తగా నల్లబడ్డ చోటును మునకగా గుర్తిస్తారు.

మీ సందు సంగతి వేరు. ఇళ్లు ఒత్తుగా ఉన్నచోట తరంగం నీళ్ల మీద పడి, గోడకు తగిలి వెనక్కే వస్తుంది. నల్లగా ఉండాల్సింది తెల్లగా మెరుస్తుంది! అందుకే పొలం మునక దొరికినంత తేలిగ్గా ఊరి మునక దొరకదు. పైగా ఆ బొమ్మ లోతును నేరుగా చెప్పదు. ఆ విషయంలో నేను గోడ మీది బురద గీతనే నమ్ముతాను. మీ ఇంట్లో అది ఇంకా ఉంటే, సున్నం వేయించే ముందు టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి.